నాన్నకి పురుడెవరు పోస్తారు?

'తల్లీ బిడ్డా క్షేమం.'

టెలిగ్రాముల కాలం నుంచీ మనకు అలవాటైన వార్త ఇది. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రామే పోయింది గానీ ఆ మూడు ముక్కలు మాత్రం పోలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్లో ఫొటోతో సహా వస్తున్నాయి. ఆ వెంటనే ఫోన్లు మొదలవుతాయి. 'పాపా, బాబా?' 'నార్మలా, ఆపరేషనా?' 'బరువెంత?' 'ఎవరి పోలిక?'

ఇన్ని ప్రశ్నలకీ ఓపిగ్గా జవాబులు చెబుతున్నవాడు ఒకడున్నాడు. రెండు రాత్రుల నుంచి ఆస్పత్రి వరండాలో ఇనప కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో మందుల చీటీ, ఇంకో చేతిలో ఫ్లాస్కు. గడ్డం మాసిపోయింది. బిల్లు ఎంతవుతుందోనని లోపల లెక్కలు వేసుకుంటున్నాడు. అతని క్షేమం ఆ వార్తలో ఉండదు. ఎవరైనా పొరపాటున అడిగినా అతనే నవ్వేస్తాడు. 'నాకేంటండీ, నేనేమన్నా కన్నానా!'

నిజమే. కన్నది తల్లే. నొప్పులు ఆమెవి, కుట్లు ఆమెవి, రాత్రిళ్లు పాలిచ్చే శ్రమ ఆమెది. ఆ కష్టంతో నాన్న కష్టాన్ని పోటీకి పెడితే పాపం తగులుతుంది. కానీ ఒక్క మాట. ఆమె బరువులో సగం మొయ్యాల్సిన మనిషి కూలబడితే, ఆ సగం ఎవరి నెత్తిన పడుతుంది? తిరిగి ఆమె నెత్తినే. అందుకే నాన్న సంగతి కూడా ఒకసారి మాట్లాడుకోవాలి.

అల్లుడుగారూ, మీకెందుకండీ శ్రమ!

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మన తెలుగువాళ్ల ఆనవాయితీ. సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళతారు. అక్కడ అమ్మ ఉంటుంది, పెద్దమ్మ వస్తుంది, పక్కింటి పిన్నిగారు గంటకోసారి తొంగి చూస్తుంది. బిడ్డకి నీళ్లు పోయడానికి చెయ్యి తిరిగిన మనిషి ఒకావిడ ఉంటుంది. నలుగు, సాంబ్రాణి పొగ, కాయం ముద్ద, వెల్లుల్లి కారం... పదకొండో రోజు పురిటి స్నానం, ఇరవై ఒకటో రోజు బారసాల. ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం తరతరాలుగా కట్టుకున్న ఏర్పాటిది. ఇందులో చాదస్తాలు లేవని కాదు. పథ్యం పేరుతో బాలింతని మాడ్చిన ఇళ్లున్నాయి, ముర్రుపాలు పిండి పారబోసిన ఇళ్లున్నాయి. అయినా ఒక్క గొప్పతనం ఒప్పుకోవాలి. అది బాలింతని ఒంటరిగా వదలదు.

మరి బిడ్డ తండ్రి ఎక్కడున్నాడు? హైదరాబాదులోనో బెంగళూరులోనో హోటల్ మెతుకులు తింటున్నాడు. శనివారం రాత్రి బస్సెక్కి ఆదివారం పొద్దున్నే అత్తారింట్లో దిగుతాడు. కాఫీ వస్తుంది, పెసరట్టు వస్తుంది. బిడ్డని ఎత్తుకుందామని చేతులు చాపితే, 'అయ్యో, ఇంకా మెడ నిలవలేదు బాబూ, మీకు అలవాటుండదు' అని అత్తగారు ఆపుతుంది. సరేనని ఎత్తుకున్న రెండు నిమిషాలకే బిడ్డ తడిపితే, నలుగురూ పరుగున వచ్చి లాక్కుంటారు. 'అల్లుడుగారూ, మీకెందుకండీ శ్రమ!' అందులో ప్రేమ ఉంది, మర్యాద ఉంది. కానీ సాయంత్రం మళ్లీ బస్సెక్కేటప్పుడు అతనికి లెక్క తేలేదేమిటంటే, తన బిడ్డ ఉన్న ఇంట్లో తాను చుట్టం.

ఆచారాల్లోనూ అతని వాటా కొంచెమే. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయమంటారు. నక్షత్రం మంచిది కాదని పంతులుగారు అంటే, శాంతి చేయించి నూనెలో బిడ్డ నీడ చూడమంటారు. అన్నప్రాశన నాటికి మేనమామ ముందుకొస్తాడు. పేరు రాయడం, నీడ చూడటం, బిల్లు కట్టడం. ఆ మధ్యలో ఉండాల్సిన వంద పనులు అతనికి ఎవరూ నేర్పరు.

అసలు కథ మూడో నెలలో...

మూడో నెలలోనో, ఐదో నెలలోనో మంచిరోజు చూసి తల్లినీ బిడ్డనీ తీసుకొస్తారు. చీరెలు, ఉయ్యాల, వెండి గిన్నె, సున్నిపిండి డబ్బా అన్నీ వస్తాయి. రానిది ఒక్కటే. పుట్టింట్లో ఉన్న ఆ నలుగురు మనుషులు. అమ్మమ్మ ఓ పదిరోజులు ఉండి, 'మీ నాన్నగారికి భోజనం ఇబ్బందిగా ఉందే' అంటూ వెళ్లిపోతుంది. ఆ రోజు రాత్రి రెండు గదుల ఫ్లాట్‌లో ముగ్గురు మిగులుతారు. అందులో ఒకరికి మాటలు రావు, మిగిలిన ఇద్దరికీ నిద్ర లేదు.

మా పక్క వీధి అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఉండేవాడు. మందుల కంపెనీలో పని. ఊళ్లు తిరిగే ఉద్యోగం. భార్య మూడో నెల బిడ్డతో వచ్చింది. సాయంత్రం ఆరయ్యేసరికి పాప గుక్కపట్టి ఏడ్చేది. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. పది రోజులయ్యాక ఈయన ఇంటికి ఆలస్యంగా రావడం మొదలెట్టాడు. పని ఎక్కువై కాదు. వేళకే వచ్చి, సెల్లార్‌లో బండి స్టాండు వేసి, దాని మీదే అరగంట, ముప్పావుగంట కూర్చునేవాడు. పైన భార్య ఒక్కతే పాపని భుజాన వేసుకుని తిరుగుతుండేది. ఈయనకి పైకి వెళ్లాలంటే కాళ్లు ఆడేవి కాదు. తాను ఎత్తుకుంటే పాప మరీ ఎక్కువ ఏడుస్తోందని, తానంటేనే పడటం లేదని ఆయన లోపల ముడివేసుకున్నాడు.

ఇది కనిపెట్టింది ఆఫీసులో స్నేహితులు కాదు, చుట్టాలు కాదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. పాలమూరు మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. ఒకరోజు దగ్గరికొచ్చి అన్నాడట. 'పొద్దుమూకితే బిడ్డలు ఏడుస్తరు సార్. మా చిన్నోడు మూడు నెలలు గిట్లనే సంపిండు. తర్వాత దానంతటదే పోయింది. గది మీ మీద కోపం కాదు. పైకి పోండ్రి, మేడం ఒక్కతే ఉంది.'

వైద్యులు చెప్పేదీ సరిగ్గా అదే. పసిపిల్లల ఏడుపు ఆరు వారాల వయసులో బాగా ఎక్కువవుతుంది, మూడు నాలుగు నెలలు నిండేసరికి తగ్గుముఖం పడుతుంది. సాయంత్రం పూట ఎక్కువ ఏడవడం మామూలు. పుస్తకాల్లో ఉన్న ఈ ముక్క ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు. చెప్పిన వాచ్‌మన్ ఏ పుస్తకమూ చదవలేదు. మరునాటి నుంచి ఆయన నేరుగా పైకి వెళ్లాడని, పాపని తీసుకుని వాచ్‌మన్ గది ముందే అటూ ఇటూ తిరిగేవాడని అపార్ట్‌మెంట్ వాళ్లు చెబుతారు.

నాన్నకీ దిగులు వస్తుంది

కాన్పు తర్వాత తల్లికి వచ్చే దిగులు గురించి ఇప్పుడు కొంచెమైనా మాట్లాడుతున్నారు. తండ్రికీ వస్తుందంటే ఇంట్లో పెద్దవాళ్లు నవ్వుతారు. కానీ 2010లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. అంతకుముందు జరిగిన 43 అధ్యయనాలను, 28 వేల మందికి పైగా వివరాలను కలిపి చూశారు. భార్య గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకి ఏడాది నిండేలోపు దాదాపు పదిమంది తండ్రుల్లో ఒకరు డిప్రెషన్‌కి లోనవుతున్నారని తేలింది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది బిడ్డకి మూడు నుంచి ఆరు నెలల వయసప్పుడు. మనవాళ్లు తల్లీబిడ్డల్ని అత్తారింటికి పంపే రోజులు కూడా సరిగ్గా అవే కదా! ఇంకో సంగతీ ఆ పరిశీలనలో ఉంది. తల్లి దిగులుకీ తండ్రి దిగులుకీ లంకె ఉంటుంది. ఒకరు కుంగితే రెండోవారూ కుంగే అవకాశం ఎక్కువ.

మగవాడి దిగులు ఏడుపు రూపంలో రాదు. చిరాకు రూపంలో వస్తుంది. అర్థంలేని కోపం, ఆఫీసులో అవసరం లేని ఓవర్‌టైమ్, ఎప్పుడూ ఫోన్‌లోనే మొహం, రోజూ ఒక పెగ్గు, ఛాతీలో బరువు. 'మారిపోయాడు' అని భార్య అనుకుంటుంది. 'బాధ్యత లేదు' అని మామగారు అనుకుంటారు. అతనికి కూడా తన పేరేమిటో తెలియని జబ్బది.

'మగాళ్లకి పిల్లల పెంపకం సహజం కాదు' అనేవాళ్లకి కూడా ఒక జవాబుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో 624 మంది యువకుల్ని కొన్నేళ్ల పాటు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. తండ్రులైన వాళ్లలో పురుష హార్మోను టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది. రోజూ మూడు గంటలు, అంతకంటే ఎక్కువ సేపు బిడ్డ పనులు చూసే తండ్రుల్లో ఇంకా తక్కువగా ఉంది. అంటే బిడ్డని పెంచడానికి మగవాడి ఒళ్లు కూడా తనంతట తానే సర్దుకుంటుందన్నమాట. సర్దుకోనిది మన మాటలే.

మధురలో ఇద్దరు తండ్రులు

భాగవతం దశమ స్కంధంలో చిన్న ఘట్టం ఒకటుంది. అర్ధరాత్రి బిడ్డని మోసుకుంటూ యమున దాటిన వసుదేవుడి కథ అందరికీ తెలుసు. ఆ తర్వాతది చాలామంది పట్టించుకోరు. కంసుడికి కట్టాల్సిన పన్ను కట్టడానికి నందుడు మధురకి వస్తాడు. ఆ సంగతి తెలిసి వసుదేవుడు అతని విడిదికి వెళతాడు. ఇద్దరూ కౌగిలించుకుంటారు. రేపల్లెలో నందుడి ఇంట పెరుగుతున్న బలరాముడి గురించి వసుదేవుడు అడుగుతాడు. వసుదేవుడు పోగొట్టుకున్న బిడ్డల్ని తలుచుకుని నందుడు ఓదారుస్తాడు. చివరికి వసుదేవుడు, 'పని అయిపోయింది కదా, ఇక్కడ ఎక్కువ రోజులు ఉండకు, అక్కడ ఉత్పాతాలు కనిపిస్తున్నాయి, త్వరగా ఇంటికి వెళ్లు' అని తొందరపెడతాడు. రేపల్లెకి పూతన వచ్చింది ఆ రోజుల్లోనే.

ఇద్దరు మగవాళ్లు కలిశారు. రాజకీయాలు మాట్లాడుకోలేదు, పంటల లెక్కలు చెప్పుకోలేదు. పిల్లల గురించి మాట్లాడుకున్నారు. ఒకరి గుండె ఒకరు తడుముకున్నారు. 'ఇంటికి పో' అని ఒకడు ఇంకొకడికి చెప్పాడు. పాలమూరు వాచ్‌మన్ చెప్పిందీ అదే మాట!

సెలవు ఎంత?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1997 నుంచి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ఇద్దరు పిల్లల కంటే తక్కువ ఉన్నవాళ్లకి, కాన్పుకి 15 రోజుల ముందు నుంచి ఆర్నెల్ల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2005లో తన ఉద్యోగులకు 15 రోజులు ఇచ్చింది. తల్లుల సెలవును 2017లో చట్టం సవరించి 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఆ చట్టంలో తండ్రి ఊసు లేదు. అందరు తండ్రులకీ సెలవు ఇవ్వాలంటూ అదే ఏడాది లోక్‌సభలో ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు వచ్చింది గానీ చట్టం కాలేదు. కాబట్టి ప్రైవేటు ఉద్యోగికి యజమాని దయే దిక్కు. ఆటో తోలేవాడికి, బట్టల కొట్లో గుమాస్తాకి ఆ దయ కూడా లేదు. పని మానితే ఆ రోజు కూలి పోతుంది.

ఇక కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. బిడ్డ పుట్టిన వార్త ఫోన్లో వింటారు. రూముకి పదిమంది ఉండే క్యాంపులో మిఠాయి పంచుతారు. రెండేళ్లకి సెలవు దొరికి ఊరికొస్తే, ఆ బిడ్డ కొత్త మనిషిని చూసి తల్లి కొంగు చాటున దాక్కుంటుంది. ఆ తండ్రికి పురుడు పోసేది ఎవరయ్యా అంటే, పక్క మంచం మీది మనిషి. తనకంటే ముందు ఇదే బాధ పడ్డవాడు. 'వారం రోజులల్ల దగ్గరికి వస్తది, నువ్వు ఎగబడకు' అని చెప్పేది అతనే.

అమెరికాలో ఉన్న మనవాళ్ల దారి వేరు. విజిటర్ వీసా మీద అమ్మమ్మ ఆర్నెల్లు, ఆమె వెళ్లాక నానమ్మ ఆర్నెల్లు. వంతులు అయిపోయాక వాళ్లదీ రెండు గదుల ఫ్లాట్ కథే. కాకపోతే బయట మంచు.

ఎవరిని పట్టుకోవాలి?

కొత్తగా నాన్న అయినవాడికి నాలుగు రకాల మనుషులు కావాలి.

మొదటివాడు, ఆర్నెల్ల సీనియర్. తన బిడ్డ కంటే ఆర్నెల్లు పెద్ద బిడ్డ ఉన్న తండ్రి. ఇంతకంటే పనికొచ్చే మనిషి లేడు. తాతయ్యలు అన్నీ మర్చిపోయి ఉంటారు. ఇతనికి ఇంకా కళ్లకింద నలుపు పోలేదు, అన్నీ జ్ఞాపకమే. ఆఫీసులో, వీధిలో, టీకాల కోసం వరసలో నిలబడ్డ చోట ఇలాంటివాడు తప్పకుండా ఉంటాడు. 'మీవాడు రాత్రి ఎన్నిసార్లు లేస్తాడండీ?' అని ఒక్క ప్రశ్న చాలు. స్నేహం అదే కుదురుతుంది. పుట్టినప్పటి టీకాల తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకి మళ్లీ టీకాలుంటాయి. ఆ వరసలో నిలబడే పని నాన్న తీసుకుంటే మూడుసార్లు అలాంటి మనుషులు దొరుకుతారు.

రెండో మనిషి, సొంత నాన్న. పెద్దల ముందు తన బిడ్డని తాను ఎత్తుకోవడం మర్యాద కాదనుకున్న కాలం ఆయనది. చాటుగా ముద్దుపెట్టుకుని దించేసిన తరం. 'నాన్నా, నేను పుట్టినప్పుడు నీకెలా ఉండేది?' అని అడిగి చూడండి. మొదట 'ఏముందిరా' అంటారు. రెండోసారి అడిగితే చెబుతారు. కొడుకు దగ్గర దాచిన ప్రేమంతా ఆయన ఇప్పుడు మనవడి మీద ఎందుకు కుమ్మరిస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.

మూడో మనిషి, తెలిసిన ఆరోగ్య కార్యకర్త. ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి చూడాలన్నది ప్రభుత్వ పద్ధతి. ఆమె వచ్చినప్పుడు మగవాళ్లు బయటికి వెళ్లిపోతారు. వెళ్లకండి, కూర్చుని వినండి. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు కాలినా లేక చల్లబడినా, నిమిషానికి అరవై సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఇది తెలిసిన తండ్రికి సగం భయం తగ్గుతుంది. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుడితే 'కంగారూ' పద్ధతిలో ఛాతీకి హత్తుకోమంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. తల్లి అలసిపోయినప్పుడు తండ్రి ఛాతీ కూడా ఆ పనికి అక్షరాలా సరిపోతుంది. చొక్కా విప్పి కూర్చోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

నాలుగో మనిషి, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే మనిషి. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, చచ్చిపోవాలనో పారిపోవాలనో అనిపిస్తుంటే ఆలస్యం చేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరు మీద ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రతి తండ్రీ గోడ మీద రాసుకోవాల్సింది. ఏడుపు ఆపలేక కోపం నషాళానికి అంటినప్పుడు బిడ్డని కుదపకూడదు. పసి మెదడుకి ప్రాణాపాయం. బిడ్డని మంచం మీద కాకుండా, కింద పడే వీల్లేని చోట వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు గది బయటికి వచ్చి మంచినీళ్లు తాగండి. ఐదు నిమిషాలు ఏడిస్తే బిడ్డకేమీ కాదు.

ఇంట్లోవాళ్లకో విన్నపం

అత్తగారూ, అల్లుడుగారికి పెసరట్టు పెట్టిన చేత్తోనే ఒక తడి గుడ్డ కూడా ఇవ్వండి. మొదటిసారి వంకరగానే మారుస్తాడు, పదోసారికి నేర్చుకుంటాడు. స్నానం పోయించేటప్పుడు పక్కన పీట వేసి కూర్చోబెట్టండి. మూడో నెలలో మీ అమ్మాయి వెంట వెళ్లేది అతనే, మీరు కాదు. అమ్మాయీ, అతను ఎత్తుకున్న తీరు నచ్చకపోయినా వెంటనే లాక్కోకు. నీక్కూడా మొదటి వారం చేతకాలేదు. ఆఫీసులో పై అధికారీ, 'నువ్వేమన్నా పాలిస్తావా, సెలవెందుకు?' అనే పాత జోకు ఇక చాలు.

ఇవాళ ఆదివారం. మీకు తెలిసినవాళ్లలో ఈ ఏడాది తండ్రి అయినవాడు ఒకడుంటాడు. కాస్త ఎండ తగ్గాక ఫోన్ చేయండి. పోలికలు, బరువులు తర్వాత. ముందు 'రాత్రి నిద్ర పోయావా?' అని అడగండి. 'బానే ఉన్నానండీ' అంటాడు. ఫోన్ పెట్టేయకండి. కాసేపు ఆగండి. తర్వాత అసలు సంగతి చెబుతాడు.